గడ్డ ఏ రకమో తెలియాలి

రొమ్ము క్యాన్సర్ అన్న ఒకే పేరు కింద, పెరిగే వేగంలోనూ మందులకు లొంగే తీరులోనూ పొంతనలేని అనేక వ్యాధులున్నాయని 2000లో చార్లెస్ పెరూ తదితర శాస్త్రజ్ఞులు కణితుల్లోని జన్యువుల పనితీరును పోల్చి చూపారు. అయినా రోగి బంధువులు నేటికీ ముందుగా అడిగేది ‘ఎన్నో స్టేజి?’ అనే. ఏ రకం అన్న ప్రశ్న ఆలస్యంగా వస్తుంది. చిన్న వయసు స్త్రీల విషయంలో ఆ ఆలస్యం ప్రాణాల మీదికి తెస్తుంది.

కణితి కణాల్లో ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్ హార్మోన్లను అందుకునే గ్రాహకాలుంటే టామాక్సిఫెన్ వంటి మాత్రలు పనిచేస్తాయి. హెర్2 అనే ప్రొటీన్ మోతాదు మించి ఉంటే దాన్ని అడ్డుకునే ట్రాస్టుజుమాబ్ ఇంజెక్షన్ ఉంది. ఈ మూడూ కనిపించని రకాన్ని ట్రిపుల్ నెగెటివ్ అంటారు. అది వేగంగా పెరుగుతుంది, తొలి మూడు నాలుగేళ్లలో తిరగబెట్టే ముప్పు ఎక్కువ. దాని చికిత్సకు ప్రధాన ఆధారం కీమోథెరపీ కాగా, ఇటీవల ఇమ్యునోథెరపీ తోడైంది.

ఈ రకం ఎవరిలో ఎక్కువో స్పష్టంగా తెలియజెప్పింది అమెరికాలోని కరోలినా అధ్యయనం. 2006లో వెలువడిన దాని ఫలితాల ప్రకారం, ట్రిపుల్ నెగెటివ్‌తో చాలావరకు కలిసిపోయే బేసల్ రకం, ఇంకా నెలసరి ఆగని ఆఫ్రికన్-అమెరికన్ రోగుల్లో 39 శాతం ఉండగా, నెలసరి ఆగిన ఆఫ్రికన్-అమెరికన్ రోగుల్లో 14 శాతం, ఇతర స్త్రీలలో 16 శాతం ఉంది. అక్కడ నల్లజాతి స్త్రీలకు ఈ క్యాన్సర్ తెల్లజాతి వారికంటే కాస్త తక్కువగానే వస్తున్నా, మరణాల రేటు మాత్రం దాదాపు 40 శాతం ఎక్కువ. దీన్నంతా జీవశాస్త్రం మీదికి నెట్టడం సరికాదు. మందులకు బాగా లొంగే హార్మోన్ రకంలోనూ ఈ అంతరం కనిపించడమే, నిర్ధారణలో జాప్యానికీ చికిత్స అందకపోవడానికీ ఇందులో వాటా ఉందనడానికి నిదర్శనం.

మనదేశ అధ్యయనాలను క్రోడీకరించి 2016లో వెలువడిన విశ్లేషణ, భారతీయ రోగుల్లో ట్రిపుల్ నెగెటివ్ వాటాను 31 శాతంగా లెక్కగట్టింది. అమెరికాలో మొత్తం మీద అది 10 నుంచి 15 శాతమే. ఈ అంకెను చూసి భారతీయ స్త్రీ శరీరంలోనే ఏదో లోపముందని తీర్మానించడం తొందరపాటు. మన జనాభాలో యువత పాలు ఎక్కువ కనుక, వయసు మళ్లాక అధికంగా వచ్చే హార్మోన్ రకం వాటా ఆ మేరకు తగ్గుతుంది. అంతకంటే కలవరపరిచే కారణం మరొకటుంది. గడ్డ నుంచి తీసిన ముక్కను గంటలోపే తగినంత ఫార్మలిన్ ద్రావణంలో వేసి, కనీసం 6 గంటలు, గరిష్ఠంగా 72 గంటలు ఉంచాలన్నది నియమం. చిన్న ఆసుపత్రిలో తీసిన ముక్క ద్రావణంలో పడకుండా గంటల తరబడి ఉండిపోతే గ్రాహకాలు చెడిపోయి, ఐహెచ్‌సీ అనే రంగుల పరీక్షలో అవి లేనట్టే కనిపించవచ్చు. అప్పుడు మాత్రలతో మేలు పొందగల స్త్రీ, కాగితం మీది ఒక తప్పుడు ‘నెగెటివ్’ కారణంగా ఆ మేలుకు దూరమవుతుంది. సీసా మీద సమయం రాయడమన్న అతి చిన్న పని ఇక్కడ ఒక జీవితాన్ని నిర్ణయిస్తుంది.

జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ 2020 నివేదికలో హైదరాబాద్ జిల్లా రొమ్ము క్యాన్సర్ రేటు, వయసుల తేడాలను సర్దుబాటు చేశాక, లక్షమంది స్త్రీలకు 48గా నమోదై దేశంలోని నమోదు కేంద్రాలన్నింటిలో ముందు నిలిచింది. నగరం తూర్పున ఉన్న చంపాపేట్ రంగారెడ్డి జిల్లాకు చెందడంతో ఆ లెక్కలోకి రాకున్నా, అక్కడి జీవన సరళి నగరానిదే. 2022లో గడ్డిఅన్నారం పాత పండ్ల మార్కెట్ స్థలంలో శంకుస్థాపన జరిగిన టిమ్స్ ఆసుపత్రి ఈ తూర్పు ప్రాంతానికి అతి సమీపం కనుక, బయాప్సీ, నమ్మదగిన ఐహెచ్‌సీ ప్రయోగశాల, ట్రిపుల్ నెగెటివ్ రోగులకు వంశపారంపర్య ముప్పును పసిగట్టే బీఆర్‌సీఏ జన్యు పరీక్ష అక్కడి సేవల్లో తప్పనిసరిగా ఉండాలి. క్యాన్సర్ చికిత్సకైతే ఎల్బీనగర్‌లోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో మెట్రో ఎక్కి, రైలు మారకుండా లక్డీకాపూల్‌లో దిగి ప్రభుత్వ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి చేరుకోవచ్చు. ముప్పై ఏళ్ల స్త్రీ గడ్డ చూపించుకుంటే ‘ఈ వయసులో ఏమీ కాదు’ అని వైద్యులు పంపివేయరాదు; ముక్క పరీక్ష జరిగాక ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్, హెర్2 ఎదురుగా రిపోర్టులో ఏమి రాసి ఉందో ఆమె కుటుంబం అడిగి తెలుసుకోవాలి.