న్యాయవిద్యలో ప్రవేశం: సన్నాహం ఏడాది ముందే

మన హక్కుల గురించి సభల్లో ఎంతో మాట్లాడుకుంటున్నాం. ఆ హక్కులను న్యాయస్థానంలో నిలబెట్టగల పిల్లలను తయారు చేసుకోవడం గురించి మాత్రం తక్కువగా ఆలోచిస్తున్నాం. అరెస్టయిన ప్రతి వ్యక్తికీ తాను కోరుకున్న న్యాయవాదిని సంప్రదించే హక్కును రాజ్యాంగంలోని 22వ అధికరణం ఇచ్చింది. అర్ధరాత్రి ఫోనెత్తి ఠాణాకు రాగల వకీలు దగ్గరలో ఉన్నప్పుడే ఆ హక్కుకు ప్రాణం.

విద్యా, ఉద్యోగాలలో మనకున్న 4 శాతం రిజర్వేషన్ కథే ఇందుకు సాక్ష్యం. ఉమ్మడి రాష్ట్రంలో 2007లో చేసిన చట్టాన్ని 2010 ఫిబ్రవరిలో హైకోర్టు కొట్టివేసింది. మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో అది తిరిగి నిలిచింది. ఊరేగింపులు, వినతిపత్రాలు ఎన్ని ఉన్నా, ఆ రోజు దానిని కాపాడింది న్యాయస్థానంలో వినిపించిన వాదన. రేపటి వాదనలు వినిపించవలసిన వారు ఇవాళ మన ఇళ్లలో ఇంటర్, డిగ్రీ చదువుతున్నారు.

వారి ముందు ప్రధానంగా రెండు ద్వారాలున్నాయి. మొదటిది క్లాట్. హైదరాబాద్‌లోని నల్సార్, విశాఖపట్నంలోని దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఈ పరీక్ష ద్వారానే ప్రవేశాలు కల్పిస్తాయి. ఇంగ్లీషులో, రెండు గంటల్లో 120 ప్రశ్నలు. ప్రతి తప్పు జవాబుకూ పావు మార్కు పోతుంది. ఇటీవలి సంవత్సరాల్లో ఈ పరీక్ష డిసెంబరులోనే, అంటే ఇంటర్ రెండో ఏడాది పరీక్షలకు ముందే జరుగుతోంది. ఇంటర్ ఫలితాలు చూసుకుని ఆలోచిద్దామనుకునే కుటుంబానికి ఆ ఏడాది క్లాట్ అప్పటికే దాటిపోయి ఉంటుంది.

రెండవది లాసెట్. రెండు రాష్ట్రాలూ వేర్వేరుగా నిర్వహిస్తాయి. ఇంటర్ తర్వాత అయిదేళ్ల కోర్సుకూ, డిగ్రీ తర్వాత మూడేళ్ల కోర్సుకూ ఇదే దారి. తొంభై నిమిషాల్లో 120 ప్రశ్నలు, తప్పు జవాబులకు మార్కుల కోత లేదు. ప్రశ్నల్లో సగం న్యాయశాస్త్ర అభిరుచికి సంబంధించినవే. అర్హత మార్కు 42 అయినా, మంచి కళాశాలలో సీటు ఇప్పించేది ర్యాంకు. రోజూ ఒక దినపత్రిక సంపాదకీయం చదివి, అందులోని వాదనను నాలుగు వాక్యాల్లో రాసుకునే అలవాటు రెండు పరీక్షలకూ పనికివస్తుంది. రాజ్యాంగంలోని ప్రాథమిక హక్కుల భాగాన్ని ఇంట్లో కలిసి చదువుకోవడానికి ఏ కోచింగ్ రుసుమూ చెల్లించనక్కర లేదు.

చదివిన పిల్లలు సైతం తడబడే చోటు కాగితాల దగ్గర ఉంది. ప్రభుత్వ కార్యాలయంలో ఏళ్ల తరబడి ఫైళ్లు చూసిన అనుభవంతో చెబుతున్నాం: దరఖాస్తు బలం సగం దస్తావేజుల సంచీలోనే ఉంటుంది. పదో తరగతి మెమోలో ‘షేక్’, ఆధార్‌లో ‘షైక్’, ఆదాయ ధ్రువపత్రంలో ఇంటిపేరే లేని ఒట్టి పేరు; ‘ముహమ్మద్’ ఒకచోట పూర్తిగా, మరొకచోట ‘ఎం.డి.’గా. ఇంట్లో నవ్వుకునే ఈ తేడాలు కౌన్సెలింగ్ నాడు కన్నీళ్లు పెట్టిస్తాయి. పదో తరగతి మెమోను ఆధారంగా పెట్టుకుని మిగిలిన వాటిని దానికి అనుగుణంగా సరిచేయించుకోవాలి. మెమోలోనే తప్పుంటే ప్రధానోపాధ్యాయుని ద్వారా ముందే దరఖాస్తు చేయాలి.

కుల ధ్రువపత్రం విషయంలో మరింత జాగ్రత్త అవసరం. షేక్‌లు, ఖురేషీలు వంటి వారు రాష్ట్ర జాబితాలో బి.సి.-ఇ. దూదేకుల, నూర్‌బాషాలు బి.సి.-బి. సయ్యద్, పఠాన్, మొగల్ కుటుంబాలు ఈ జాబితాలోకి రావు. వార్షికాదాయం 8 లక్షల లోపు ఉండి, ఆస్తి నిబంధనలకు లోబడితే వారు ఆర్థికంగా వెనుకబడిన వర్గాల ధ్రువపత్రానికి దరఖాస్తు చేయవచ్చు. దాని గడువు పరిమితం గనుక ఏ ఏడాదికి ఆ ఏడాది కొత్తది తీసుకోవాలి. కేంద్ర జాబితా వేరు, రాష్ట్ర జాబితా వేరు అన్న సంగతి మరువకుండా, ఏ విశ్వవిద్యాలయం ఏ నమూనాలో అడుగుతున్నదో చూసి తీసుకోవాలి. స్థానికతకు బోనఫైడ్ పత్రాలు కావాలి. పాఠశాలకు వెళ్లకుండా ప్రైవేటుగా పరీక్షలు రాసినవారు నివాస ధ్రువపత్రం సిద్ధం చేసుకోవాలి.

ముఖ్యమైన హెచ్చరిక మరొకటి. పదో తరగతి, ఇంటర్ లేకుండా నేరుగా ఓపెన్ యూనివర్సిటీ డిగ్రీ చేసినవారికి బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నిబంధనల ప్రకారం న్యాయవిద్యలో ప్రవేశం లేదు. మదరసా చదువు తర్వాత ఈ దారి పట్టాలనుకునే యువకులకు ఈ సంగతి ముందే తెలియాలి. వారు ముందు పదో తరగతి, ఇంటర్ పూర్తి చేసుకోవడం మేలు.

కొన్ని ప్రైవేటు విశ్వవిద్యాలయాలు, పై చదువులకు విదేశీ విశ్వవిద్యాలయాలు ‘న్యాయశాస్త్రం ఎందుకు చదవదలిచారు’ అని రాసిమ్మంటాయి. అక్కడ సమాజోద్ధరణ గురించి పెద్ద మాటలు రాస్తే చదివేవారి మనసుకు ఏదీ అంటదు. అమ్మ వితంతు పింఛను కోసం ఏ కాగితం కోసం ఎన్నిసార్లు తిరిగిందో, ఆ నిబంధన ఏమిటో, దాన్ని చదివాక తనకు ఏం తోచిందో రాసిన పేజీకి బరువుంటుంది.

ఆడపిల్లల తల్లిదండ్రులకు ప్రత్యేకంగా ఒక మాట. సుప్రీంకోర్టు తొలి మహిళా న్యాయమూర్తిగా 1989లో నియమితులైన జస్టిస్ ఎం. ఫాతిమా బీవీ కేరళ ముస్లిం కుటుంబంలో పుట్టి, 1950లో న్యాయవాదిగా నమోదై, కింది కోర్టుల నుంచి మెట్టు మెట్టుగా పైకి వెళ్లినవారు. ఖులా, మెహర్, భరణం, వారసత్వం వంటి విషయాల్లో మన స్త్రీలు మనసు విప్పి చెప్పుకోవాలంటే ఎదుట కూర్చున్న వకీలు స్త్రీ అయి ఉండటం ఎంత ఊరటో వారినే అడగండి. డిగ్రీ పూర్తి చేసి, పెళ్లయి ఇంటి పట్టున ఉన్న కోడళ్లకూ మూడేళ్ల కోర్సు తలుపు తెరిచే ఉంది.

మసీదు కమిటీలకూ, యువజన సంఘాలకూ మా విన్నపం చిన్నదే. వచ్చే నెల ఒక జుమా నమాజు తర్వాత, ఇంటర్, డిగ్రీ చదువుతున్న పిల్లల కాగితాలన్నీ ఒక బల్ల మీద పరిపించండి. పేర్లు, పుట్టిన తేదీలు, వర్గం సరిపోలుతున్నాయో లేదో చూసి, తేడా ఉన్నవాటి జాబితా రాయండి. మీసేవకో, సచివాలయానికో వారితో వెళ్లగల ఒక్కరిని ఆ పనికి నియమించండి. దీనికి చందాలు అవసరం లేదు, ఒక పూట తీరిక చాలు. మన పట్టణపు కోర్టు ఆవరణలో మన బిడ్డ నల్లకోటుతో నిలబడే రోజుకు మొదటి సంతకం ఆ బల్ల మీదే పడుతుంది.