హోసూరుకు కర్మాగారములు వచ్చెను, కార్యాలయములో?

అయ్యా,

హోసూరులో అంతర్జాతీయ విమానాశ్రయము నిర్మింతుమని నాటి తమిళనాడు ముఖ్యమంత్రి స్టాలిన్‌గారు 2024 జూనులో శాసనసభలో ప్రకటించినది మొదలు ఇచ్చటి మన కుటుంబములలో భూముల ధర మాటయే. 2000 ఎకరములు కావలెనట. బెంగుళూరు విమానాశ్రయపు ఒప్పందములో 2033 వరకు 150 కిలోమీటర్ల లోపల మరియొకటి రాకుండ నిబంధన యున్నది. కనుక ఆలోచించుకొన వ్యవధి కలదు.

అశోక్ లేలాండ్, టి.వి.ఎస్., టైటాన్ కర్మాగారములు 1980 దశకములోనే వచ్చినవి. సిప్కాట్ వారు స్థలమిచ్చిరి. బెంగుళూరు నలుబది కిలోమీటర్లే. ఊరు పెరిగి 2019లో నగరపాలక సంస్థ యైనది. ఈ మేలు కాదనరానిది.

అయినను మొదటి రెండింటి ప్రధాన కార్యాలయములు చెన్నపట్టణముననే యున్నవి. టైటాన్ రిజిస్టర్డు కార్యాలయము హోసూరు, కార్పొరేటు కార్యాలయము బెంగుళూరు! గుమాస్తాగిరి చేసినవాడను గనుక ఈ భేదము నాకు తెలియును: కాగితములు ఒకచోటికి వచ్చును, నిర్ణయములు వేరొకచోట జరుగును. పెద్ద జీతములు, ఆడిటర్లు, వకీళ్లు, హోటళ్లు నిర్ణయముల వెంటనే పోవును. మనకు మిగులునవి కూలి డబ్బులు, లారీల రద్దీ. (ఆ కూలియైనను నేడు పెక్కు చోట్ల కాంట్రాక్టు కూలియే.)

కావున విమానాశ్రయము చెంత స్థలము కోరు కంపెనీలు డిజైను, కొనుగోలు, లెక్కల శాఖలను ఈ ఊరనే ఉంచవలెనని ప్రభుత్వమువారు ముందే షరతు వ్రాయించుకొనవలెను. మన కౌన్సిలర్లు ఈ సంగతి సభలో ప్రస్తావింతురని ఆశించుచున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత గుమాస్తా,
హోసూరు