నోట్సు చెప్పుడే పాఠమా?

సార్ వస్తడు, పాత నోట్సు చదువుతడు, పిల్లలు రాసుకుంటరు. దీన్ని పాఠమంటమా?

హార్వర్డ్‌ల ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ కూడా తాను బాగనే చెప్తున్ననుకున్నడు. 1990 ప్రాంతంల మామూలు మాటలల్ల ప్రశ్నలడిగితే, లెక్కలు చేసే పిల్లలే తడబడ్డరు. తప్పు తన పద్ధతిదని ఒప్పుకున్నడు. కొద్దిసేపు చెప్పుడు, ఒక ప్రశ్న వేసుడు, ఎవరి జవాబు వాళ్లు ఎంచుకున్నంక పక్కవాళ్లతోని వాదించమనుడు మొదలుపెట్టిండు.

సైన్సు, లెక్కలు, ఇంజనీరింగ్ క్లాసుల మీద 225 అధ్యయనాలను 2014ల కలిపి చూస్తే, ఉత్త లెక్చర్లు విన్నోళ్లు ఫెయిలయ్యే అవకాశం ఒకటిన్నర రెట్లుందని తేలింది.

ఇందుకు బడ్జెట్ అక్కర్లేదు. తెలుగు మీడియం నుంచి వచ్చి ఎనుక బెంచీల కూసున్న పిల్లకు తన భాషల వాదించే వీలియ్యాలె. చాయ్ బండి కాడ గంటలకొద్దీ వాదించే పిల్లలు క్లాసుల నోరు మెదపకుంటే లోపమెవరిది, సార్?