సర్దుకునేదెవరు?

మా కాలేజీ విద్యార్థి ఒకడు ఒక వ్యాసం తెచ్చి, "తెలుగు సరిచూడండి సార్" అన్నాడు. త్రిపురారం పక్క పల్లెవాడు. తండ్రికి సాగర్ ఎడమ కాలువ కింద రెండెకరాల వరి. చదువు కాగానే శిక్షణ పొంది చమురునౌక మీద పనికి పోవాలని అతని ఆశ. చమురునౌకల స్వతంత్ర యజమానుల అంతర్జాతీయ సంఘం, అనగా ఇంటర్‌టాంకో, ఎదురైన ప్రతి సవాలుకూ తగినట్టు తన్ను తాను మలచుకుంటూ వచ్చిందని ఆ వ్యాసంలో పదిచోట్ల ఉన్నది. వాక్యాల్లో తప్పులు లేవు. తప్పంతా కర్త దగ్గర ఉన్నది. నిజంగా మారినదెవరు? సర్దుకున్నదెవరు?

సముద్రం మొహం చూడని త్రిపురారంలో ఈ చర్చ దేనికని కొందరికి తోచవచ్చు. మన దేశం వాడే ముడిచమురులో నూటికి ఎనభైపాళ్లకు పైగా పరాయి దేశాల నుంచి ఓడలమీద వస్తున్నది. వరికోత యంత్రంలో పోసే డీజిలుకూ, మిర్యాలగూడ మిల్లులకు ధాన్యం మోసే లారీకీ మూలం అక్కడే. పైగా ఇప్పుడు మన పిల్లలే ఆ ఓడలెక్కుతున్నారు. కనుక ఇది మన చర్చే.

ముందుగా "స్వతంత్ర" అన్న మాటను పరిశీలిద్దాం. చమురు కంపెనీల సొంత ఓడలూ ప్రభుత్వాల ఓడలూ కాక, కిరాయికి తిప్పే ప్రైవేటు ఓడల యజమానులు తమకు పెట్టుకున్న పేరు ఇది. కిరాయిలు బాగున్నన్నాళ్లూ వీరు స్వతంత్రులే. పడిపోయిన నాడో? 1930ల ఆర్థికమాంద్యంలో ఓడలు పనిలేక రేవుల్లో పడి ఉంటే, 1934లో షియర్‌వాటర్ పథకం అని ఒకటి పెట్టుకున్నారు. నడిచే ఓడల యజమానులు కిరాయిలో కొంతపాలు ఉమ్మడి నిధికి కట్టాలి. ఆగిన ఓడల యజమానులకు అందులోంచి పరిహారం ముట్టాలి. సమష్టి అన్న మాట వింటేనే ఉలిక్కిపడే పెద్దమనుషులు తమ నష్టాలకు సమష్టి సూత్రాన్నే ఆశ్రయించారు! పనిలేని ఓడకు పరిహారం దొరికింది. పని పోయిన నావికుడికి ఆ పథకంలో చోటేది?

మన తెలుగునాట కూడా ఈ స్వాతంత్ర్యానికి ఉదాహరణ ఉన్నది. 1961లో జయంతి షిప్పింగు కంపెనీని స్థాపించిన ధర్మతేజ తెలుగువాడే. అది ప్రైవేటు సాహసమని పొగిడారు. ఆ సాహసానికి పెట్టుబడి మాత్రం ప్రభుత్వ నిధి నుంచి ఇచ్చిన సుమారు ఇరవై కోట్ల రూపాయల అప్పు. 1966లో ఆ కంపెనీ నిర్వహణను ప్రభుత్వమే చేతుల్లోకి తీసుకోక తప్పలేదు. చివరకు దాని ఓడలు ప్రభుత్వ షిప్పింగు కార్పొరేషనులో కలిశాయి. కంపెనీ చెడినప్పుడు ఆదుకున్నది ప్రజల ఖజానా.

ఇక ప్రమాదాల మాట. 1967 మార్చి 18న టోరీ కాన్యన్ అనే చమురునౌక ఇంగ్లండు నైరుతి కొన దగ్గర రాతిదిబ్బకు కొట్టుకున్నది. లక్షా పందొమ్మిది వేల టన్నుల ముడిచమురు సముద్రం పాలయింది. ఓడమీద ఎగిరే జెండా లైబీరియాది. యజమాని కంపెనీ కార్యాలయం బెర్ముడాలో. ఓడను నడిపినవాడు ఇటలీ దేశస్థుడు. ఆ సాయంత్రం పోటు వేళకు రేవు చేరకపోతే మరికొన్ని రోజులు బయటే ఆగాలన్న ఒత్తిడి అతని నెత్తిమీద ఉన్నది. లైబీరియా విచారణ సంఘం ఎవరిని తప్పుపట్టింది? కెప్టెనును, కెప్టెను నొక్కణ్ణే. ఆ తొందర ఎవరి లాభం కోసమన్న ప్రశ్న వెనక్కి పోయింది.

ఇంటర్‌టాంకో ఆస్లోలో ఏర్పడినది ఆ తరువాత మూడేళ్లకు, 1970లో. ఈ సంఘం రక్షణ ప్రమాణాలను పెంచిందని మా విద్యార్థి రాశాడు. నిజమెంతో చూద్దాం. 1989లో అలాస్కా తీరాన ఎక్సాన్ వాల్డెజ్ ఓడ పగిలింది. అది చమురు కంపెనీ ఓడే కాని, దెబ్బ అందరికీ తగిలింది. మరుసటి ఏడు అమెరికా చట్టం చేసి, చమురునౌకలకు రెండు పొరల దేహం ఉండి తీరాలన్నది. ఆ రెండో పొర యజమానుల హృదయ పరివర్తన వల్ల రాలేదు. నల్లబడిన తీరాన్ని చూసి ఆగ్రహించిన ప్రజలు, వారికి జడిసిన చట్టసభ దానిని తెచ్చారు.

మరి అదే దేశంలో వాషింగ్టన్ రాష్ట్రం ఇంకొక అడుగు వేసి, చమురునౌకల సిబ్బందికి శిక్షణ, భాషాజ్ఞానం, కాపలా విధుల గురించి తన నియమాలు పెట్టినప్పుడు సంఘం ఏం చేసింది? కోర్టుకెక్కింది. 2000 మార్చిలో అమెరికా సుప్రీంకోర్టు, ఇది కేంద్రం అధికారమని, సంఘం పక్షానే తీర్పు చెప్పింది.

ఊరికొక నియమముంటే ఓడ ఎట్లా నడుస్తుంది, ప్రపంచమంతటికీ ఒకే చట్టముండాలి అన్నది సంఘం వాదన. సబబైన మాటే. నేనూ ఒప్పుకుంటాను. అయితే ఆ ఏకత్వం జీతాలకూ పన్నులకూ ఎందుకు వర్తించదు? ఓడ నొక దేశంలో కొని, పనామాలోనో లైబీరియాలోనో మార్షల్ దీవుల్లోనో నమోదు చేసి, చౌకగా దొరికే దేశం నుంచి కూలీని తెచ్చుకునే హక్కు మాత్రం పదిలంగా ఉండాలట! నియమం ఒక్కటి కావాలి, జెండాలు మాత్రం నూరు కావాలి. మా విద్యార్థి "అనుగుణమైన మార్పు" అన్నది దీనినే.

"సంఘం లేకపోతే ఇంకా అధ్వాన్నం కదా సార్?" అన్నాడతను. న్యాయమైన ప్రశ్న. 2007 డిసెంబరులో కొరియా తీరాన లంగరు వేసి ఉన్న హెబెయ్ స్పిరిట్ నౌకను, తాడు తెగి కొట్టుకొచ్చిన క్రేను బల్లకట్టు గుద్దింది. లంగరేసిన ఓడ అధికారులిద్దరూ, భారతీయులు, జైలు పాలయ్యారు. 2009లో గాని ఇల్లు చేరలేదు. వారి కోసం ఇంటర్‌టాంకో కూడా గొంతెత్తింది. ఈ మాట దాచను. కాని నావికుల కార్మిక సంఘాలు పక్కన నిలిచి పోరాడాయని కూడా చెప్పాలి. అక్కడ యజమాని ప్రయోజనమూ నావికుడి ప్రయోజనమూ ఒకే దారిన పోయాయి. అవి విడిపోయే చోట, జీతం దగ్గర, పనిగంటల దగ్గర, సిబ్బంది సంఖ్య దగ్గర, యజమానుల సంఘం యజమానుల పక్షానే నిలుస్తుంది. అది దాని ధర్మం. దానిని తప్పుపట్టడం కాదు, మరచిపోవడం ప్రమాదం.

ఇదంతా దూరపు కథ అనుకునేవారు 2024 జనవరి మొదటి రోజులను తలచుకోండి. ప్రమాదం చేసి చెప్పకుండా పారిపోయే డ్రైవరుకు పదేళ్ల వరకు జైలన్న కొత్త న్యాయసంహిత నిబంధనపై టాంకరు లారీల డ్రైవర్లు పని ఆపారు. హైదరాబాదులో బంకుల ముందు బారులు తీరాయి. లారీ ఆపినది డ్రైవరు. ఢిల్లీలో ప్రభుత్వంతో మాట్లాడి హామీ తెచ్చినది రవాణా యజమానుల సంస్థ. ఆ నిబంధన అప్పటికి ఆగింది. కాని నిద్రలేని రాత్రులు, సరుకు చేర్చే గడువులు, కిరాయి ఒత్తిడి ఆ చర్చకు రానేలేదు. టోరీ కాన్యన్ కెప్టెనును తొందరపెట్టిన పోటుకూ, మన రోడ్డుమీద డ్రైవరును తరిమే గడువుకూ తేడా ఏమున్నది?

వ్యాసాన్ని తిరిగి ఇస్తూ ఆ పదిచోట్లా కర్త కింద గీత గీశాను. ఓడెక్కవద్దని అనలేదు. రెండెకరాల వరి ఎంతమందిని పోషిస్తుందో నాకు తెలుసు. ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు ఓడ జెండా ఏ దేశానిదో, జీతం ఆగితే ఏ కోర్టుకు పోవాలో, అక్కడ నావికుల సంఘం ఉన్నదో లేదో అడగమన్నాను. తెలుగు పాఠం చెప్పే మనం వాక్యంలో కర్తను గుర్తించడం తరగతి గదిలో నేర్పుతున్నాం. "పరిశ్రమ సర్దుకున్నది" అన్న వాక్యం పత్రికలో కనబడినప్పుడు కూడా విద్యార్థి చేత అదే ప్రశ్న అడిగించడం మన బాధ్యత.