తప్పు సినిమాది కాదు, టైంటేబుల్‌ది



సినిమా పిచ్చి వల్లే కుర్రాళ్లు మైదానం ముఖం చూడటం లేదన్న ఒక పాఠకుడి లేఖతో ఏకీభవించలేను. ‘ఒక్కడు’ (2003) కబడ్డీ ఆటగాణ్ని హీరోను చేసింది. ‘సై’ (2004) కాలేజీ కుర్రాళ్లచేత రగ్బీ ఆడించింది. ‘గోల్కొండ హైస్కూల్’ (2011)లో గొడవంతా బడి మైదానం కోచింగ్ సెంటర్ పాలవుతుందనే. అంత ఉత్సాహంతో హాల్లోంచి బయటికొచ్చిన కుర్రాడు ఎక్కడ ఆడాలి? బాస్కెట్‌బాల్‌నే తీసుకోండి. 1891లో అమెరికాలో జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామ ఉపాధ్యాయుడు చలికాలం క్లాసు కోసమని, పళ్లబుట్టలు ఎత్తున కొట్టించి మొదలుపెట్టిన ఆట అది. పుట్టిందే టైంటేబుల్‌లో! మన దగ్గర ఆ ఆటల పీరియడ్‌నే స్టడీ అవర్ మింగేస్తోంది.

మా సాలూరులాంటి చోట జాగా లేదంటారా? బాస్కెట్‌బాల్ కోర్టుకు 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు చాలు. మార్కులు తగ్గుతాయంటారా? తెల్లారి నుంచి రాత్రిదాకా కూర్చోబెట్టాక కూడా ఒక్క గంట ఆటకే జారిపోయే మార్కులు అసలు వచ్చినవేనా అని నా అనుమానం. శ్రీకాకుళం జిల్లా నుంచి వెళ్లి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరిలా అందరూ కాలేరు కదా అనొచ్చు. కానక్కర్లేదు. లెక్కల పీరియడ్ పెట్టడానికి క్లాసులో రామానుజన్ ఉండాలని ఎవరూ షరతు పెట్టలేదు.

— ఒక డిగ్రీ విద్యార్థి, సాలూరు