పుండొకచోట, మందొకచోట

ఆధునిక యుగం యంత్రయుగమని మనం తరచుగా చెప్పుకొంటాం. యంత్రాన్ని వాడటం వేరు. అది ఎందుకు ఆగిపోయిందో తెలుసుకోవడం వేరు. మొదటిది అలవాటు వల్ల వస్తుంది. రెండవది విద్య వల్ల రావాలి. తెలుగు పాఠాలు చెప్పుకొనే నేను కంప్యూటరును గురించి వ్రాయ సాహసించడం కొందరికి వింతగా తోచవచ్చు. కాని ఇందుకు ఒక కారణం ఉన్నది. ఆ కారణంలో నా తప్పు కూడా కొంత ఉన్నది.

గత సంవత్సరం మన వార్షిక సంచికకు ఛాయాచిత్రాల పుటలు సిద్ధం చేసే బాధ్యత నాపై పడింది. ఆ పనిలో నాకు తోడ్పడినవాడు బి.కాం. చివరి సంవత్సరం విద్యార్థి. పగలు తరగతులకు వచ్చి, సాయంత్రం ఛత్తా బజారులోని ఒక ముద్రణ దుకాణంలో పెళ్ళి శుభలేఖలు, పోస్టర్లు తయారుచేసేవాడు. ఆ కూలితోనే పరీక్ష ఫీజు కట్టుకొనేవాడు. మన కార్యాలయంలోని కంప్యూటరు ముందు కూర్చుని అతడు బృంద ఛాయాచిత్రాలను దిద్దుతుండగా, ఉన్నట్టుండి తెర నల్లబడేది. రెండు మూడు క్షణాల్లో మళ్ళీ వెలిగేది. కాని ఫోటోలు దిద్దే సాఫ్ట్‌వేర్ మాత్రం మూతపడి ఉండేది. అంతవరకు చేసిన పని గాలిలో కలిసిపోయేది. మూడు రాత్రులు ఇదే తంతు.

మూడవ రాత్రి నేను సహనం కోల్పోయాను. "ఏదో పనికిమాలిన ప్రోగ్రాం ఎక్కించి యంత్రాన్ని పాడుచేశావు" అన్నాను. అతడు తల వంచుకొని, "మై కుచ్ నై కరా సర్" అన్నాడు. ఒక్క క్షణం ఆగి, "ఫోటోను పెద్దది చేసి చూడగానే పడిపోతోంది సర్. దుకాణంలోనూ ఇట్లాగే అయింది. సేఠ్ కూడా నన్నే అన్నారు. వారం కూలి పట్టుకొని, ఇక రావద్దన్నారు" అన్నాడు. ఆ మాట విన్న తరువాత నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అత్త మీది కోపం దుత్త మీద చూపినట్లు, దుకాణదారు చేసిన పనినే నేనూ చేశాను. ఆయనకు వ్యాపారం దెబ్బతిన్నదన్న సాకైనా ఉన్నది. అధ్యాపకుడనైన నాకు ఏ సాకూ లేదు.

మరునాడు ఇద్దరం కూర్చుని, మూడు రోజులుగా చదవకుండానే మూసివేస్తున్న ఆ ఆంగ్ల సందేశాన్ని మొదటిసారి నెమ్మదిగా చదివాము. "డిస్‌ప్లే డ్రైవర్ స్పందించడం మానివేసింది, మళ్ళీ కోలుకున్నది" అని దాని సారాంశం. దోషి తన పేరు తానే చెబుతున్నది, మనమే వినలేదు!

ఇంతకూ ఈ డ్రైవర్ ఎవరు? మన కళాశాలవంటి ద్విభాషా విద్యాలయంలో దీనిని వివరించడం కష్టం కాదు. కంప్యూటరులో తెరపై బొమ్మను గీయడానికి గ్రాఫిక్స్ కార్డు అనే ప్రత్యేక భాగం ఉంటుంది. దాని భాష వేరు, విండోస్ వంటి ఆపరేటింగ్ సిస్టమ్ భాష వేరు. ఇద్దరి మధ్య నిలిచి ఒకరి మాటను మరొకరికి చేరవేసే దుబాసీ, ఉర్దూలో తర్జుమాన్ అంటామే, ఆ పని చేసే చిన్న సాఫ్ట్‌వేరే డ్రైవర్. దుబాసీ తప్పుగా అనువదిస్తే పాలకుడూ మంచివాడే, ప్రజలూ మంచివారే, అయినా తగవు తప్పదు.

ఫోటోషాప్ 2008లో వచ్చిన సి.ఎస్. 4 కూర్పు నుండి తెరపై బొమ్మను పెద్దది చేయడం, తిప్పడం వంటి పనులకు ఈ కార్డు సహాయాన్ని తీసుకొంటున్నది. తరువాతి కూర్పులలో ఆ ఆధారం మరింత పెరిగింది. విండోస్ ఒక పని అప్పగించి, కార్డు నుండి సమాధానం కోసం మామూలుగా రెండు సెకండ్లు వేచి ఉంటుంది. ఆలోగా జవాబు రాకపోతే డ్రైవర్‌ను ఆపి మళ్ళీ మొదలుపెడుతుంది. తెర నల్లబడి వెలిగేది అందుకే. కార్డు జ్ఞాపకంలో బొమ్మను దాచుకొన్న సాఫ్ట్‌వేర్ ఆ కుదుపుకు తట్టుకోలేక కూలిపోవచ్చు. చూసేవారికి మాత్రం సాఫ్ట్‌వేర్ చెడ్డదనో, దానిని వాడిన కుర్రవాడు చెడ్డవాడనో అనిపిస్తుంది.

ఇది మా ఒక్కరి అనుభవమే కాదు. 2008లో అమెరికాలో ఒక వ్యాజ్యం సందర్భంగా వెలుగు చూసిన మైక్రోసాఫ్ట్ పత్రాల ప్రకారం, 2007లో నమోదైన విండోస్ విస్టా పతనాలలో దాదాపు 29 శాతం ఎన్‌విడియా డ్రైవర్ల ఖాతాలోకే వచ్చాయి. ఆనాడు విస్టానే తిట్టుకొన్న వాడకందార్లలో ఎందరికి ఈ సంగతి తెలుసు? ఇక 2024 జూలై 19ని మనం మరువలేము. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక లోపభూయిష్టమైన ఫైలును దాని డ్రైవర్ చదవబోయి, ప్రపంచవ్యాప్తంగా సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలను పడగొట్టింది. ఆనాడు మన శంషాబాదు విమానాశ్రయంలో ప్రయాణికుల బోర్డింగ్ పాసులు చేతితో వ్రాసి ఇవ్వవలసి వచ్చింది. చేతివ్రాతకు కాలం చెల్లిందన్న ఈ నగరంలో ఒక్క పూట చేతివ్రాతే ఆదుకొన్నది! ఆ ఒక్క ఫైలును తొలగిస్తే యంత్రం మళ్ళీ లేచేది. లోపం ఎక్కడున్నదో తెలిసినవారికి అది కొద్ది నిమిషాల పని. తెలియనివారికి యంత్రమే చచ్చినట్లు లెక్క.

మా సంగతికి వస్తాను. మా తెలుగు వ్యాకరణంలో సంధి జరిగిన పదాన్ని అర్థం చేసుకోవాలంటే ముందు పదచ్ఛేదం చేయాలి. మార్పు ఎక్కడ జరిగిందో విడదీసి చూడాలి. మేము చేసినదీ అదే. ఫోటోషాప్‌లో ప్రిఫరెన్సెస్, అందులో పెర్ఫార్మెన్స్ అనే చోట "యూజ్ గ్రాఫిక్స్ ప్రాసెసర్" అన్న గడి ఉంటుంది. దానిలోని గుర్తు తీసివేసి సాఫ్ట్‌వేర్‌ను మూసి మళ్ళీ తెరిచాము. పని నెమ్మదించింది, కాని కూలలేదు. దోషం కార్డు వైపే ఉన్నదని దీనివల్ల రూఢి అయింది. తరువాత డివైస్ మేనేజర్‌లో డ్రైవర్ తేదీ చూశాము. మా కష్టాలు మొదలైన ముందురోజే విండోస్ తనంతట తాను కొత్త డ్రైవర్‌ను తెచ్చి పెట్టుకొన్నది! అక్కడే ఉన్న "రోల్ బ్యాక్ డ్రైవర్" అనే మీట నొక్కి పాత దుబాసీని వెనుకకు పిలిచాము. గ్రాఫిక్స్ గడిలో మళ్ళీ గుర్తు పెట్టాము. ఆ తరువాత సంచిక పూర్తయ్యేవరకు యంత్రం ఒక్కసారి కూడా పడలేదు. ఖర్చు ఒక్క రూపాయి కాలేదు.

అందరికీ ఇదే మందు పనిచేస్తుందని నేననను. కొన్నిచోట్ల డ్రైవర్ మరీ పాతది కావడమే రోగం. అట్టివారు కార్డు తయారీదారు లేదా ల్యాప్‌టాప్ తయారీదారు సొంత సైటు నుండి సరియైన కూర్పు తెచ్చుకోవాలి. ఎవరో ఇచ్చిన పెన్‌డ్రైవ్‌లోనిది ఎక్కించరాదు. కొన్ని ల్యాప్‌టాపులలో రెండు గ్రాఫిక్స్ భాగాలుంటాయి. వాటి మధ్య పొత్తు కుదరక పతనం రావచ్చు. విండోస్ డిస్‌ప్లే అమరికలలో ఫోటోషాప్‌కు ఏదో ఒకదానిని కేటాయించి చూడాలి. కార్డు సహాయం ఆపిన తరువాత కూడా సాఫ్ట్‌వేర్ కూలుతూనే ఉంటే, ఇక డ్రైవర్‌ను అనుమానించడం అన్యాయం. అప్పుడు డిస్కులో ఖాళీ చోటు ఉన్నదా, జ్ఞాపకశక్తి చాలుతున్నదా, ఫ్యానుకు దుమ్ము పట్టి యంత్రం వేడెక్కుతున్నదా అని చూడాలి. మన ప్రాంతంలో మరొక అనుమానితుడు కూడా ఉన్నాడు. తెలుగు, ఉర్దూ, అరబీ ఫాంట్లు వందల కొలది ఎక్కించిన యంత్రాలలో చెడిపోయిన ఒక్క ఫాంటు చాలు, సాఫ్ట్‌వేర్ కూలడానికి. ఏది చేసినా ఒకసారి ఒక్క మార్పే చేయాలి. చేసినది కాగితంపై వ్రాసుకోవాలి. నాలుగు మందులు ఒకేసారి మింగినవాడికి ఏది గుణం చేసిందో తెలియదు.

"ఇది మెకానిక్ పని, విద్యార్థులకెందుకు?" అని కొందరు పెద్దలు అనవచ్చు. ఆరవ నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్‌దయాళ్ (1844–1905) కాలంలో ఛాయాచిత్రమంటే గాజు పలక, రసాయనం, వెలుగు. పలకపై మచ్చ పడితే అది ఈ మూడింటిలో దేని దోషమో కనిపెట్టగలవాడినే ఆ రోజుల్లో పనివాడనేవారు. ఛత్తా బజారు కాతిబులు కూడా తమ కలాన్ని తామే చెక్కుకొనేవారు. అక్షరం చెదిరితే కలం మొన తప్పో, సిరా తప్పో, కాగితం తప్పో చెప్పగలిగేవారు. 1994లో వచ్చిన ఇన్‌పేజ్ వంటి సాఫ్ట్‌వేర్లు నస్తాలీఖ్ లిపిని తెరపైకి తెచ్చిన తరువాత ఆ కలాలు మూలపడ్డాయి. వారి మనుమలు మౌస్ పట్టుకున్నారు. పనిముట్టు మారడంలో తప్పు లేదు. పనిముట్టును గురించిన జ్ఞానం మాత్రం తాతతోనే పోయింది, అదే నష్టం. మన విద్యార్థులలో అనేకులు డి.టి.పి. కేంద్రాలలో, ఫోటో స్టూడియోలలో, ముద్రణాలయాలలో పొట్ట పోసుకొనేవారే. వారికిది ముచ్చట కాదు, జీవనోపాధి. "ఇది నా తప్పు కాదు, ఇదిగో ఋజువు" అని చెప్పగలగడం కూలివాడికి గొప్ప రక్షణ.

"పాతవి పారవేసి కొత్త కంప్యూటర్లు కొంటే సరిపోదా?" అన్నది మరొక వాదం. నిజమే, కొన్ని యంత్రాలకు కాలం చెల్లింది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. మరీ పాత కార్డులకు తయారీదారులు కొత్త డ్రైవర్లు ఇవ్వడం మానివేస్తారు. అటువంటి వాటిని మార్చవలసిందే. కాని మార్చేముందు పరీక్షించాలి గదా! ప్రయోగశాలలో "చెడిపోయినవి" అని గుడ్డ కప్పి ఉంచిన యంత్రాలలో నిజంగా చెడిపోయినవెన్నో, దుబాసీ మారితే లేచి కూర్చునేవెన్నో ఎవరు చూశారు? పుండొకచోట, మందొకచోట వేస్తే కొత్త యంత్రానికీ అదే గతి పడుతుంది.

కనుక కళాశాల కమిటీ పెద్దలకు నా మనవి మూడు మాటలలో చెబుతాను. మొదటిది, కొత్త కొనుగోళ్ళకు ముందు ఉన్న యంత్రాలన్నిటినీ ఒకసారి పరీక్ష చేయించండి; ఆ పనిలో విద్యార్థులనే నియోగించండి. రెండవది, కంప్యూటరు తరగతిలో వారానికి ఒక గంట దోషనిర్ధారణకు కేటాయించండి. మూడవది, ప్రతి యంత్రం పక్కన ఒక నోటు పుస్తకం ఉంచండి; తెరపై వచ్చిన సందేశాన్ని, తేదీని, చేసిన మార్పును అందులో ఉర్దూలోనో తెలుగులోనో వ్రాయించండి. ఆంగ్ల సందేశం అర్థం కాలేదన్న సిగ్గుతో దానిని మూసివేసే అలవాటు అప్పుడే పోతుంది.

విద్యార్థులకు చెప్పేది ఇంకా చిన్నది. మీ పనిని మాటిమాటికీ భద్రపరచుకోండి. ఫోటోషాప్ పది నిమిషాలకొకసారి తానే కొంత దాచుకొంటుంది గాని, పూర్తిగా దానినే నమ్ముకోవద్దు. చేతులు కాలాక ఆకులు పట్టుకొని లాభం లేదు.

చివరగా ఆ విద్యార్థి సంగతి. నేను అతనిని వెంటబెట్టుకొని ఛత్తా బజారు వెళ్ళాను. దుకాణంలోని యంత్రంలోనూ అదే సందేశం, అదే మందు. యజమాని చాలాసేపు తెరవైపు చూసి, "మాస్టర్ సాబ్, నాకు తెలియలేదు" అన్నారు. పట్టుకున్న వారం కూలి అక్కడికక్కడే లెక్కపెట్టి ఇచ్చారు. కాని ఆ పనిలో అప్పటికే మరొకరిని పెట్టుకున్నారు. తిరుగుదారిలో నేను నా విద్యార్థిని క్షమాపణ అడిగాను. "జానే దీజియే సర్" అన్నాడు. అతడు వదిలివేశాడు. నేను వదలలేక ఈ నాలుగు మాటలు వ్రాశాను.