ఈ చక్రాన్ని అడిగేవాళ్లు లేరా?

హాలహర్వి మండలంలో ఏ చెట్టు కిందైనా నలుగురు కూర్చుని డబ్బులు పెట్టి పేకాడితే పోలీసులొస్తారు. ముక్కలు, నోట్లు ఒక గుడ్డ మీద పరుస్తారు. దొరికినవాళ్లను వెనక వరసగా నిలబెట్టి ఫొటో తీస్తారు. మర్నాడు జిల్లా పేజీలో అచ్చవుతుంది. మట్కా చీటీలు రాసేవాడికీ అదే గతి. తప్పనడం లేదు. 1974 నుంచీ దానికో చట్టం ఉంది. అదే ఊళ్లో, ఆ చెట్టుకు కనుచూపు మేరలోనే, అరుగు మీద కూర్చుని ఆరో తరగతి పిల్లాడు ఫోన్లో రంగుల చక్రం తిప్పుతున్నాడు. ఒకసారి తిప్పాలంటే డైమండ్లు కావాలి. డైమండ్లకు రూపాయలు కావాలి. చక్రం ఆగాక తుపాకీ బొమ్మ రావచ్చు, చొక్కా బొమ్మ రావచ్చు, దేనికీ పనికిరాని చిల్లర వస్తువు రావచ్చు. ఎక్కువసార్లు ఆ మూడోదే వస్తుంది. పిల్లాడు మళ్లీ తిప్పుతాడు. దీనికి కేసు లేదు, ఫొటో లేదు, పేపర్లో నాలుగు లైన్లు లేవు.

ఎవర్ని కదిపినా ఒకటే మాట: "పిల్లోడు చెడిపోయినాడు సార్." బడిలో అదే, రచ్చకట్ట మీద అదే, ఆదోనిలో సెల్ షాపు దగ్గరా అదే. చెడిపోయింది పిల్లాడా? వాడికి పదకొండేళ్లు. వాడికి అవతల ఉన్నది పెద్ద చదువులు చదివిన ఇంజనీర్లు, మనసు ఎట్లా పనిచేస్తుందో చదువుకున్నవాళ్లు, పగలూ రాత్రీ లెక్కలు తీసే యంత్రాలు. ఏ రంగు మెరిస్తే వేలు ఆగుతుందో, ఎన్ని ఓటముల తర్వాత ఒక గెలుపు విదిలిస్తే ఫోన్ కింద పెట్టడో, వాళ్లు కోట్ల మంది ఆట చూసి తేల్చుకున్నారు. ఈ పోటీలో పదకొండేళ్లవాడు ఓడిపోతే, వాడి బుద్ధి మంచిది కాదని తీర్పు చెప్పి మనం ఇంటికి పోతున్నాం. నా కడుపు మండేది ఇక్కడే.

హాలహర్వి తెలియనివాళ్ల కోసం చెప్తాను. ఆదోని నుంచి ఆలూరు మీదుగా బళ్లారి పోయే దారిలో, కర్ణాటక సరిహద్దును ఆనుకుని ఉంటుంది. తెలుగూ కన్నడమూ ఒకే నోట పలికే ఊళ్లు. గుళ్యం దగ్గర వేదవతి పారుతుంది, తుంగభద్ర దిగువ కాలువ ఈ మండలం మీదుగానే పోతుంది. అయినా చాలా చేలకు వానే దిక్కు. వాన తప్పితే సుగ్గికి పోవడమే. పడమటి కర్నూలులో వలసకు ఆ పేరు. దసరా, దీపావళి దాటాక ఇళ్లకు తాళాలు పడతాయి. గుంటూరు వైపు పత్తి తీతకు, మిరపకాయల కోతకు, బెంగళూరులో బిల్డింగు పనులకు పోతారు. తిరిగి ఉగాదికి వస్తారు. కొందరు పిల్లల్ని వెంట తీసుకుపోతారు, కొందరు ప్రభుత్వ సీజనల్ హాస్టల్లో చేర్పిస్తారు, ఇంకొందరు అవ్వాతాతల దగ్గర వదిలిపోతారు.

అట్లా మనవణ్ణి చూసుకుంటున్న ఒక అవ్వను అడిగాను, వానికి ఫోన్ ఎందుకిచ్చినావవ్వా అని. "వాళ్లమ్మ రేత్రి గుంటూరు నుంచి చేస్తాది నాయనా. నాకు ఎత్తనీక రాదు. వాడే ఎత్తి ఇస్తాడు" అంది.

ఆ ఇంట్లోకి తల్లి గొంతు వచ్చే దారి ఆ ఫోన్ ఒక్కటే. ఆ దారిలోనే ఈ ఆటల కంపెనీలు కాపు కాశాయి. ఫోన్ లాక్కుంటే సరిపోతుంది కదా అని సలహా ఇచ్చే పెద్దమనుషులు ముందు ఈ అవ్వకు జవాబు చెప్పాలి.

వల ఎట్లా పన్నుతారో విడమరిచి చెప్పుకోవాల్సిందే. మన పెద్దలకు పైకి వినబడే తుపాకుల మోత తెలుసు గానీ లోపలి లెక్క తెలీదు. మొదటిది రోజువారీ బహుమానం. ఆట తెరిస్తే చాలు, ఏదో ఒకటి చేతిలో పడుతుంది. మొదటి రోజు చిన్నది, రెండో రోజు ఇంకాస్త, ఏడో రోజు పెద్దది. మధ్యలో ఒక్కరోజు తప్పితే చాలా ఆటల్లో లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలు. సుగ్గికి మనుషుల్ని తోలుకుపోయే మేస్త్రీ ముందుగా చేతిలో పెట్టే అడ్వాన్సు ఎట్లాంటిదో ఇదీ అట్లాంటిదే. ఇచ్చినట్టే ఉంటుంది, కట్టేస్తుంది. తల్లిదండ్రుల్ని ఆ అడ్వాన్సు గుంటూరుకు ఈడ్చుకుపోయింది, పిల్లాణ్ని ఈ బహుమానం రోజూ తెర ముందుకు ఈడ్చుకొస్తోంది. సిగ్నల్ అందని రోజు పిల్లలు ఫోన్ ఎత్తిపట్టుకుని మట్టిమిద్దెల మీద తిరగడం చూశాను. ఆడే ఓపిక లేకపోయినా ఎక్కుతారు, ఏడో రోజు బహుమానం పోతుందని.

తర్వాత గెలుపు. తుపాకుల ఆటల్లో కొత్తగా చేరినవాడు మొదట్లో సులువుగా గెలుస్తాడు. అవతల పడిపోతున్నవాళ్లలో చాలామంది మనుషులు కారు, ఆటే నడిపే బొమ్మలు. పిల్లాడికి ఆ సంగతి తెలీదు, తనకు చెయ్యి తిరిగిందనుకుంటాడు. ర్యాంకు పెరుగుతుంది. సీజన్ అయిపోగానే ఆ ర్యాంకును కిందికి దించి, ఎక్కిన మెట్లే మళ్లీ ఎక్కమంటారు. పైగా జట్టు కట్టిస్తారు. నువ్వు రాకపోతే నీ జట్టు వెనకబడుతుంది. ఆ వయసులో స్నేహితుల ముందు మాట పోగొట్టుకోవడం కంటే పెద్ద భయం ఏముంటుంది?

ఇక డబ్బు. రూపాయి రూపాయిలాగే కనబడితే పిల్లాడైనా ఒక నిమిషం ఆలోచిస్తాడు. అందుకని దాన్ని ముందు ఆటలో మాత్రమే చెల్లే డైమండుగానో, నాణెంగానో మార్చేస్తారు. కావలసిన వస్తువు వెల ఒక తీరుగా ఉంటుంది, డైమండ్లు అమ్మే మూటలు ఇంకో తీరుగా ఉంటాయి. కొన్ని మిగులుతాయి. మిగిలినవి వృథా పోకూడదంటే ఇంకొన్ని కొనాలి. పైన గడియారం వెనక్కి తిరుగుతుంటుంది, ఈ చొక్కా ఇంక రెండు గంటలే అని.

చక్రం వెనకున్న సూత్రం పాతదే. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్, ఫెర్‌స్టర్‌తో కలిసి 1957లో తెచ్చిన పుస్తకంలో పావురాల మీద చేసిన ప్రయోగాలున్నాయి. బిళ్లను ముక్కుతో పొడిస్తే గింజ పడుతుంది. ఎన్ని పొడుపులకు పడుతుందో తెలియకుండా, ఒకసారి కొన్నింటికే, ఇంకోసారి చాలా వాటికి పడేట్టు చేస్తే పావురం ఆగకుండా పొడుస్తూనే ఉంటుంది. గింజలు ఆపేశాక కూడా చాలాసేపు మానదు. జూదపు యంత్రాలు పనిచేసేదీ ఇట్లాగే అని స్కిన్నరే చెప్పాడు. పంజరంలో పావురానికి నేర్పిన పాఠాన్ని ఇవాళ హాలహర్వి పిల్లాడి బొటనవేలికి నేర్పిస్తున్నారు.

ఇంకొక సంగతి. 2017లో అమెరికాలో యాక్టివిజన్ అనే ఆటల కంపెనీకి ఒక పేటెంటు వచ్చింది. ఆటగాణ్ని ఎవరితో కలిపి ఆడిస్తే వాడికి ఆటలోని వస్తువులు కొనాలనిపిస్తుందో చూసి, అట్లా జతకట్టే పద్ధతి అది. దాన్ని ఏ ఆటలోనూ వాడలేదని కంపెనీ చెప్పింది. వాడలేదనే అనుకుందాం. అయినా ఆ ఆలోచనను కాగితం మీద పెట్టి, ఇది మాది అని హక్కు రాయించుకున్న మనుషులు ఉన్నారు. మనమేమో ఇంకా పిల్లాడి క్రమశిక్షణ గురించే మాట్లాడుతున్నాం.

యూపీఐ పిన్ పిల్లలకెట్లా తెలిసిందని ఆశ్చర్యపోయేవాళ్లు ఈ ఊళ్లు చూడలేదు. నాన్నకు చదువు రాదు. ఎరువుల అంగట్లో, ఆసుపత్రిలో, ఎక్కడ డబ్బు కట్టాలన్నా నంబర్లు నొక్కేది పిల్లాడే. మేస్త్రీ కూలి వేశాడో లేదో మెసేజి చదివి చెప్పేదీ వాడే. ఇంటి లెక్కలు చూసే ఆ చేతినే చక్రం వైపు తిప్పుకున్నారు. కొద్దికొద్దిగా పోతుంది డబ్బు. తండ్రికి తెలిసేసరికి కొన్ని రోజుల కూలి ఉండదు. మిరప చేలో నడుం వంచి, చేతులు మండుతుంటే కోసిన కాయల కూలి అది. తెలిశాక పిల్లాడు దెబ్బలు తింటాడు, తల్లి ఫోన్లో ఏడుస్తుంది, కంపెనీ డబ్బు కంపెనీ దగ్గరే ఉంటుంది. ఆ దెబ్బల్లో ఒక్కటైనా తగలాల్సిన చోట తగలదు.

ఆటలంటే నాకు పగ లేదు. బడి అయ్యాక పిల్లలు ఆడుకోవాలి, ఫోన్లో ఆడినా నాకు అభ్యంతరం లేదు. ఆడి విసుగొచ్చాక లేచిపోనియ్యని ఆటే నాకు అభ్యంతరం.

ప్రభుత్వాలు ఏమీ చెయ్యలేదని అనను. చేసిన ప్రతిసారీ పిల్లాణ్ని పక్కకు పెట్టి చేశాయి. 2020 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించింది. మరుసటి నెల 132 వెబ్‌సైట్లు, యాప్‌లు ఆపేయమని అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్‌రెడ్డి కేంద్రానికి ఉత్తరం రాశారు. తెలంగాణ 2017లోనే నిషేధం తెచ్చింది. తుపాకుల ఆటల్లో పబ్‌జీని 2020లో, ఫ్రీ ఫైర్‌ను 2022 ఫిబ్రవరిలో కేంద్రం ఆపింది. రెండూ దేశ భద్రత పేరుతోనే, పిల్లల కోసం కాదు. పబ్‌జీ 2021లో బీజీఎంఐ పేరుతో తిరిగొచ్చింది, ఫ్రీ ఫైర్ పోయినా ఫ్రీ ఫైర్ మ్యాక్స్ ఉండిపోయింది. పేర్లు మారాయి గానీ డబ్బిచ్చి తెరిచే అదృష్టపు పెట్టెలు, చక్రాలు ఎక్కడికీ పోలేదు.

2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసింది. డబ్బు పెట్టి డబ్బు గెలిచే ఆటలు నడిపితే మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ఏటా 45 కోట్ల మంది సుమారు 20 వేల కోట్లు పోగొట్టుకుంటున్నారని ప్రభుత్వ వర్గాలే లెక్క చెప్పాయి. రమ్మీ అప్పులతో ఎన్నో ఇళ్లు కూలాక వచ్చినా, అది మంచి పనే. కానీ బిల్లు లోక్‌సభలో గలాటా మధ్య, చర్చ లేకుండా, మూజువాణి ఓటుతో గట్టెక్కింది. డబ్బు పెట్టి తుపాకీ బొమ్మ కోసం తిప్పే చక్రం సంగతేమిటని అడిగే సందర్భమే అక్కడ రాలేదు. ఆ చట్టంలో దాని గురించి నేరుగా ఒక్క మాట లేదు. పెద్దవాళ్ల జేబుకు కాపలా పెట్టారు, సుగ్గికి పోయిన తల్లి కొంగుముడిని వదిలేశారు.

2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 13 రకాల మాయ ఎత్తుల్ని నిషేధిస్తూ మార్గదర్శకాలు ఇచ్చింది. లేని తొందర పుట్టించడం అందులో ఒకటి, వదలకుండా వేధించడం ఇంకొకటి. పిల్లల ఆటలో వెనక్కి తిరిగే గడియారాన్ని ఆ మార్గదర్శకాల ముందు నిలబెట్టి ప్రశ్నించడం ఎవరి పని?

చెయ్యలేమని మాత్రం చెప్పొద్దు. జపాన్ 2012లోనే, విడివిడి ముక్కలన్నీ పోగేస్తే పెద్ద బహుమానం ఇస్తామని పిల్లల చేత డబ్బు గుంజే పద్ధతిని ఆపించింది. బెల్జియం 2018లో, డబ్బిచ్చి కొనే అదృష్టపు పెట్టెలు జూదం కిందికే వస్తాయని తేల్చింది. చైనా 2021లో పద్దెనిమిదేళ్ల లోపువాళ్లకు శుక్ర, శని, ఆదివారాలు, సెలవు రోజుల్లో రాత్రి 8 నుంచి 9 దాకా మాత్రమే ఆట అంది. అంత కట్టడి మనకు నప్పుతుందా అన్నది వాదించుకోవచ్చు. అమెరికాలో ఫోర్ట్‌నైట్ ఆట తయారు చేసిన ఎపిక్ కంపెనీ 2022లో 52 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. అందులో 24.5 కోట్ల డాలర్లు, అక్కర్లేని కొనుగోళ్లు చేయించేలా ఆటగాళ్లను మభ్యపెట్టినందుకు. అక్కడి పిల్లల తల్లిదండ్రులకు డబ్బు వెనక్కి వచ్చే దారి దొరికింది. హాలహర్వి తల్లి ఎవరికి అర్జీ పెట్టాలి? ఏ ఆఫీసులో? ఏ భాషలో?

కంపెనీల తరఫున వచ్చే జవాబు నాకు తెలుసు. తల్లిదండ్రులు నియంత్రణ పెట్టుకోవచ్చు, ఏది ఎంత శాతం వస్తుందో చెబుతూనే ఉన్నాం అంటారు. శాతాలు చెప్పాలని ఆపిల్ 2017లో, గూగుల్ ప్లే 2019లో షరతు పెట్టిన మాట నిజమే. వెతుక్కుంటే ఏ మూలో ఉంటాయి, ఇంగ్లీషులో, దశాంశాల్లో. ఆరో తరగతి పిల్లాడు వాటిని చూసి ఆగుతాడా? నియంత్రణ పెట్టాలంటే తల్లికి ఈమెయిలు ఉండాలి, ఇంగ్లీషు మెనూలు చదవాలి, ఆ ఫోన్ ఆమె చేతిలో ఉండాలి. ఫోన్ ఇక్కడుంది, తల్లి మిరప చేలో ఉంది. పిల్లాడి ఖాతాలో పుట్టిన సంవత్సరం ఫోన్ అమ్మినవాడు వేసిందో, వాడే వేసుకుందో. ఆ సంవత్సరం అబద్ధమని ప్రతి పూటా వాడి అలవాట్లు కొలిచే కంపెనీకి తెలియదంటే నేను నమ్మను.

ఆట నుంచి బయటపడలేని స్థితిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన జబ్బుల పట్టికలో చేర్చింది. బెంగళూరు నిమ్హాన్స్‌లో దీనికోసం 2014 నుంచే ప్రత్యేక క్లినిక్ ఉంది. ఇక్కడి తండ్రులు ఇటుకలు మోసేది ఆ బెంగళూరులోనే. అట్లాంటి చోటొకటి ఉందని వాళ్లకు చెప్పినవాళ్లెవరు?

కొత్త చట్టం కింద ప్రత్యేక ప్రాధికార సంస్థను పెట్టే అధికారం కేంద్రానికి ఉంది. ఆ సంస్థకు మొదటి పని పిల్లల ఆటల్లో చక్రాలే కావాలి. డబ్బు తీసుకుని తిప్పే చక్రం పద్దెనిమిదేళ్ల లోపువాళ్లకు కనబడకూడదు. ఒక్కరోజు రాకపోతే లెక్క చెరిపేసే బహుమానాలు తీసేయాలి. వెల రూపాయల్లోనే, తెలుగులో, కొనే బొత్తం పక్కనే ఉండాలి. పిల్లల ఖాతా నుంచి పోయిన డబ్బు అడిగితే తిరిగివ్వాలి, ఆ అర్జీ గ్రామ సచివాలయంలో తీసుకోవాలి. మన ఎంపీలు ఢిల్లీలో ఇది అడగాలి, కర్నూలు కలెక్టరేట్ ఇది రాసి పంపాలి. సీజనల్ హాస్టళ్లు పిల్లలందరికీ సరిపడా, సుగ్గి మొదలయ్యేలోపే తెరవాలి. సాయంత్రం ఆ పిల్లలకు ఒక బంతి, ఆడించే మనిషి ఉండాలి. ఇదంతా దసరాలోపు కావాలి. దసరా దాటితే బళ్లు గుంటూరు దారి పడతాయి, ఫోన్లు మళ్లీ పిల్లల చేతికొస్తాయి.